ప్రొడక్షన్ సాఫ్ట్‌వేర్‌లో పని ఎలా మొదలుపెట్టాలి? రాయదుర్గం జీన్స్ యూనిట్లకు పనికొచ్చే వివరాలు

అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. వేరుశనగ పంట చేతికొస్తుందో లేదో చివరిదాకా తెలియదు. అందుకే ఈ మెట్ట సీమలో చాలా కుటుంబాలకు రెండో ఆధారం చేతిపనే. ధర్మవరంలో మగ్గం, తాడిపత్రిలో బండ, రాయదుర్గంలో జీన్స్ కుట్టు. కర్ణాటక సరిహద్దు పక్కనే ఉన్న రాయదుర్గంలో ఇళ్లలో, షెడ్లలో మిషన్లు పెట్టుకుని జీన్స్ కుడతారు. జీన్స్‌కు పేరున్న బళ్లారి పక్కనే కావడంతో అక్కడి వ్యాపారంతో ఈ ఊరి పని ముడిపడి ఉంది.

ఈ యూనిట్లలో లెక్క చాలాకాలం నోటుపుస్తకంలోనే నడిచింది. ఎన్ని తాన్ల గుడ్డ వచ్చింది, ఎవరు ఎన్ని బండిళ్లు కుట్టారు, శనివారం ఎవరికెంత కూలీ ఇవ్వాలి, అన్నీ మాస్టర్ రాసుకునేవాడు. ఇప్పుడు చాలాచోట్ల కంప్యూటర్ వచ్చింది, ఫోన్‌లో యాప్ వచ్చింది. చిక్కు ఎక్కువగా మొదటి మెట్టు దగ్గరే వస్తోంది. 'స్టార్ట్' బటన్ ఎప్పుడు నొక్కాలి, ఎవరు నొక్కాలి, నొక్కితే లోపల ఏం జరుగుతుంది అన్నది తెలియక స్టాక్ తప్పుతుంది, కూలీ తప్పుతుంది, చివరికి మాట పట్టింపు వస్తుంది. ఆ ఒక్క మెట్టు గురించే ఈ వివరాలు.

ఈ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది?

మామూలు అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌కు కొనుగోలు, అమ్మకం తెలుస్తాయి. ఆ రెంటి మధ్య గుడ్డ ప్యాంటుగా మారే రోజుల్లో సరుకు ఎక్కడుంది, ఎవరి చేతిలో ఉంది అన్నది ప్రొడక్షన్ ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్ చూపిస్తుంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో ఉత్పత్తి మొదలుపెట్టిన కియా లాంటి కార్ల ఫ్యాక్టరీ అయినా, పది మిషన్ల కుట్టు షెడ్డు అయినా సూత్రం ఒకటే. ఏ పని, ఎంత సరుకుతో, ఎవరు, ఎప్పుడు మొదలుపెట్టారు, ఎప్పుడు ముగించారు అన్నది రాసిపెట్టుకోవడం.

ముందు తెలియాల్సిన మాటలు

వర్క్ ఆర్డర్: ఫలానా సరుకు ఇన్ని పీసులు తయారు చేయాలన్న ఆదేశం. కొన్ని సాఫ్ట్‌వేర్లలో దీన్నే మాన్యుఫాక్చరింగ్ ఆర్డర్ అంటారు.

బిల్ ఆఫ్ మెటీరియల్స్: ఒక్క పీసుకు ఏమేం, ఎంతెంత కావాలో చెప్పే పట్టీ. బిర్యానీకి బియ్యం, మాంసం, మసాలా కొలత ఉన్నట్టే జీన్స్‌కు డెనిమ్, జేబు గుడ్డ, జిప్, బటన్, రివెట్లు, దారం, లేబుల్ లెక్క ఉంటుంది. దీన్నే బామ్ అని పిలుస్తారు.

ఆపరేషన్: పనిలో ఒక్కో దశ. కటింగ్, జేబులు, జిప్, సైడు కుట్టు, నడుం పట్టీ, కాజాలు, వాషింగ్, ఇస్త్రీ, ప్యాకింగ్. ఏది ముందు, ఏది వెనక అన్న వరుసను రూటింగ్ అంటారు.

వర్క్‌స్టేషన్: ఆ దశ జరిగే మిషన్ లేదా టేబుల్.

జాబ్ కార్డు: ఒక దశకు సంబంధించిన పని చీటీ. ఎవరు చేశారు, ఎన్ని పీసులు, ఎంత సమయం అన్నవి ఇందులోకి వస్తాయి.

బండిల్: కటింగ్ అయ్యాక ఒకే సైజు ముక్కలను కలిపి కట్టిన కట్ట. దానికి కట్టే నంబరు చీటీయే బండిల్ టికెట్.

విప్: పనిలో ఉన్న సరుకు. స్టోరులో లేదు, ఇంకా తయారూ కాలేదు. చాలా యూనిట్లలో లెక్క తేలనిది ఈ సరుకే.

స్టార్ట్ నొక్కే ముందు చూసుకోవాల్సినవి

ఒక ఉదాహరణ తీసుకుందాం. 500 జీన్స్ ఆర్డర్ వచ్చింది. సైజులు 28, 30, 32, 34, 36. సైజుకు 100 చొప్పున. ఒక్కో పీసుకు సగటున 1.3 మీటర్ల డెనిమ్ అనుకుంటే మొత్తం 650 మీటర్లు కావాలి. జిప్పులు 500, బటన్లు 500, పీసుకు 6 చొప్పున రివెట్లు 3,000. బండిల్‌కు 20 పీసులు పెడితే మొత్తం 25 బండిళ్లు.

వర్క్ ఆర్డర్ రాసి సేవ్ చేయగానే పని మొదలైనట్టు కాదు. అది ఇంకా చిత్తుప్రతి మాత్రమే. దాన్ని ఖాయం చేయాలి. ఈఆర్‌పీనెక్స్ట్‌లో దీనికి 'సబ్మిట్' అనీ, ఓడూలో 'కన్ఫర్మ్' అనీ ఉంటుంది. ఖాయం చేశాక ఆర్డర్ స్థితి 'నాట్ స్టార్టెడ్' అనో 'కన్ఫర్మ్డ్' అనో కనిపిస్తుంది. స్టార్ట్ బటన్ పని చేసేది ఆ తర్వాతే. బటన్ కనిపించడం లేదని ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువమంది ఈ ఖాయం చేసే మెట్టును మర్చిపోయినవాళ్లే.

ఖాయం చేసే ముందు నాలుగు విషయాలు చూసుకోవాలి.

ఒకటి, బామ్ సరైనదేనా? పోయిన నెల స్లిమ్ ఫిట్ పట్టీని ఈ నెల బూట్ కట్‌కు తగిలిస్తే మీటర్లు మొదట్లోనే తప్పుతాయి.

రెండు, సరుకు స్టోరులో ఉందా? స్క్రీన్ మీద ఉండటం వేరు, అరలో ఉండటం వేరు. మన ఉదాహరణలో జిప్పులు 500 కావాలి, స్టోరులో 480 మాత్రమే ఉన్నాయనుకుందాం. అప్పుడు సాఫ్ట్‌వేర్ 'స్టాక్ చాలదు' అంటుంది. కొందరు ఆ హెచ్చరిక పోవడానికి మైనస్ స్టాక్‌కు అనుమతి ఇచ్చేస్తారు. అది మంచి పని కాదు. లేని 20 జిప్పులు ఉన్నట్టు లెక్కలోకి ఎక్కి, తర్వాత ఎంత వెతికినా తప్పు దొరకదు. దానికి బదులు 480 పీసులకే స్టార్ట్ ఇవ్వొచ్చు. ఈఆర్‌పీనెక్స్ట్‌లో స్టార్ట్ నొక్కగానే ఎన్నింటికి అని అడుగుతుంది. అక్కడ 480 వేస్తే 624 మీటర్ల గుడ్డే కదులుతుంది. మిగిలిన 20 పీసులకు కావాల్సిన 26 మీటర్లను అదే లాట్ నుంచి పక్కన పెట్టాలి. డెనిమ్‌లో లాట్ మారితే రంగు తేడా వస్తుంది. ఉతికాక అది ఇంకా బయటపడుతుంది.

మూడు, సరుకు ఎవరిది? కుట్టుకూలీకి వచ్చిన గుడ్డ యూనిట్ సొంతం కాదు, అది అమానత్. దాన్ని సొంత స్టాక్‌లో కలపకుండా వేరే గోదాం పేరుతో పెట్టాలి.

నాలుగు, మిషన్, మనిషి ఖాళీగా ఉన్నారా? కాజా మిషన్ రిపేరులో ఉంటే 25 బండిళ్లూ ఒకేసారి వదిలితే అవి ఆ మిషన్ ముందు గుట్ట పడతాయి.

స్టార్ట్ నొక్కితే లోపల ఏం జరుగుతుంది?

చాలామంది స్టార్ట్ అంటే గడియారం ఆన్ చేయడమే అనుకుంటారు. నిజానికి అక్కడ రెండు వేర్వేరు స్టార్ట్‌లు ఉన్నాయి. వాటిని కలిపేయడం వల్లే గందరగోళం.

మొదటిది ఆర్డర్ స్టార్ట్. ఇది సరుకును కదిలిస్తుంది. ఈఆర్‌పీనెక్స్ట్‌లో వర్క్ ఆర్డర్ మీద స్టార్ట్ నొక్కితే ముడిసరుకును స్టోరు నుంచి విప్ గోదాంకు మార్చే ఎంట్రీ తయారవుతుంది. ఆ ఎంట్రీని కూడా సబ్మిట్ చేస్తేనే ఆర్డర్ 'ఇన్ ప్రాసెస్' అవుతుంది. గుడ్డ ఖర్చు అయిపోలేదు, చోటు మారిందంతే. పని పూర్తయ్యాక 'ఫినిష్' నొక్కినప్పుడు విప్‌లోని గుడ్డ తగ్గి, తయారైన ప్యాంట్లు స్టాక్‌లోకి ఎక్కుతాయి.

రెండోది జాబ్ కార్డు స్టార్ట్. ఇది సమయాన్ని, మనిషిని రాస్తుంది. సైడు కుట్టు జాబ్ కార్డు తెరిచి, వర్కర్ పేరు ఎంచుకుని, స్టార్ట్ నొక్కితే అప్పటినుంచి నిమిషాలు లెక్కలోకి వస్తాయి. పని అయ్యాక ఎన్ని పీసులు పూర్తయ్యాయో వేసి ముగించాలి. ఓడూలో కూడా మాన్యుఫాక్చరింగ్ ఆర్డర్ వేరు, దాని కింద ఒక్కో దశకు వర్క్ ఆర్డర్ వేరు. దశ మీద స్టార్ట్ నొక్కగానే పై ఆర్డర్ 'ఇన్ ప్రోగ్రెస్'లోకి వెళ్తుంది. ఒకే మాట ఒక సాఫ్ట్‌వేర్‌లో మొత్తం ఆర్డర్‌కు, ఇంకోదాంట్లో ఒక్క దశకు వాడతారు కాబట్టి సాఫ్ట్‌వేర్ మార్చిన యూనిట్లలో ఈ తికమక తప్పదు.

టాలీ వాడేవాళ్లు ఇక్కడ ఒక తేడా గమనించాలి. టాలీలోని మాన్యుఫాక్చరింగ్ జర్నల్ వాడిన సరుకునూ తయారైన సరుకునూ ఒకే ఓచర్‌లో రాస్తుంది. పని అయిపోయాక లెక్క రాయడానికి అది సరిపోతుంది. ఈ పూట ఫలానా బండిల్ ఎవరి మిషన్ మీద ఉందని చూపడం ఆ ఓచర్ పని కాదు.

వాడిన సరుకు లెక్క రెండు రకాలు

ఫినిష్ చేసినప్పుడు ఎంత గుడ్డ తగ్గించాలన్నది సాఫ్ట్‌వేర్ రెండు విధాలుగా తేలుస్తుంది. ఒకటి, బామ్ ప్రకారం. 480 పీసులు అయ్యాయి కాబట్టి 624 మీటర్లు తగ్గిస్తుంది. దీన్ని బ్యాక్‌ఫ్లష్ అంటారు. రెండోది, నిజంగా స్టోరు నుంచి కదిలించినంత. కటింగ్‌లో 640 మీటర్లు పోయి ఉంటే 640 తగ్గిస్తుంది.

మొదటి పద్ధతి సులువు. అయితే కటింగ్ టేబుల్ దగ్గర ఎక్కువ పోయిన 16 మీటర్లు ఎక్కడా కనపడవు. ఏడాది చివర స్టాక్ లెక్కపెట్టినప్పుడు తగ్గుదల బయటపడి, మాస్టర్ మీదనో స్టోరు కుర్రాడి మీదనో అనుమానం వస్తుంది. దారం, లేబుళ్ల లాంటి చిన్న వస్తువులకు బామ్ లెక్క చాలు. డెనిమ్‌కు మాత్రం నిజంగా వాడిన మీటర్లే వేయాలి. గుడ్డ ఇచ్చిన యజమానికి వేస్టేజీ చూపించాల్సి వచ్చినప్పుడు ఆ అంకెలే సాక్ష్యం.

పాజ్ బటన్ ఎందుకు ముఖ్యం?

ఒక వర్కర్ 9:30కి బండిల్ మొదలుపెట్టి 10:50కి ముగించాడనుకుందాం. మధ్యలో 20 నిమిషాలు కరెంటు పోయింది. పాజ్ నొక్కకపోతే 20 పీసులకు 80 నిమిషాలు, అంటే పీసుకు 4 నిమిషాలు అని నమోదవుతుంది. పాజ్ నొక్కి ఉంటే 60 నిమిషాలు, పీసుకు 3 నిమిషాలు.

ఒక నిమిషమే కదా అనిపిస్తుంది. 480 పీసులకు లెక్కేస్తే 4 నిమిషాల చొప్పున 32 గంటలు, 3 నిమిషాల చొప్పున 24 గంటలు. ఒక్క దశలోనే పూర్తి 8 గంటల తేడా. ఆ తప్పు అంకెను నమ్మి డెలివరీ తేదీ చెబితే ఆర్డర్ వేరేవాళ్లకు పోవచ్చు. పైగా ఆ వర్కర్ నిదానస్తుడని రిపోర్టులో పడుతుంది. కరెంటు పోవడం అతని తప్పు కాదు.

అందుకే కరెంటు కోత, మిషన్ రిపేరు, దారం తెగి ఆగడం, భోజనం, శుక్రవారం జుమా నమాజ్, రంజాన్‌లో ఇఫ్తార్ విరామం, వీటన్నింటికీ పాజ్ వాడాలి. కారణం ఎంచుకునే వీలుంటే కారణం కూడా వేయాలి. నెలాఖరుకు కరెంటు వల్ల ఎన్ని గంటలు పోయాయో, మిషన్ వల్ల ఎన్ని పోయాయో విడివిడిగా కనిపిస్తుంది. ఇన్వర్టర్ కొనాలా, మెకానిక్‌ను మార్చాలా అన్నది అప్పుడు అంచనాతో కాకుండా అంకెతో తేల్చుకోవచ్చు.

కరెంటు పోతే కంప్యూటరూ పోతుంది, పాజ్ ఎలా నొక్కాలి అన్న సందేహం సహజం. ఫోన్‌లో యాప్ ఉంటే అందులో నొక్కొచ్చు. లేకపోతే బండిల్ టికెట్ మీద సమయం రాసి, కరెంటు వచ్చాక జాబ్ కార్డులో సరిచేయాలి. సరిచేసే అధికారం ఒకరిద్దరికే ఉండాలి.

ఎవరి పేరు మీద స్టార్ట్ చేశారన్నది కూలీ మాట

కుట్టు యూనిట్లలో పీసు లెక్కన కూలీ ఇవ్వడం మామూలే. కాబట్టి జాబ్ కార్డులోని పేరు మామూలు వివరం కాదు. ఇద్దరు మిషన్లు మార్చుకుని కూర్చున్నారు, కార్డులో పాత పేరే ఉండిపోయింది అనుకుందాం. మూడు బండిళ్లు, అంటే 60 పీసులు. పీసుకు 4 రూపాయలైతే 240 రూపాయలు ఒకరి చెమట ఇంకొకరి ఖాతాలో పడ్డట్టే. శనివారం సాయంత్రం గొడవ అక్కడే మొదలవుతుంది.

దీన్ని ఆపడానికి మూడు అలవాట్లు చాలు. ఒక్కొక్కరికి వేరే నంబరు లేదా బార్‌కోడ్ కార్డు ఇవ్వాలి. ఒకరి కార్డుతో ఇంకొకరు స్టార్ట్ చేయకూడదు. రోజు ముగిసేటప్పుడు ఎవరి పేరు మీద ఎన్ని పీసులు ఎక్కాయో వర్కర్‌కు చూపించి, ఒప్పుకున్నాకే ఖాయం చేయాలి. ఇంటి దగ్గర కాజాలు, దారాలు కత్తిరించే పని చేసే ఆడవాళ్ల విషయంలో ఈ జాగ్రత్త ఇంకా అవసరం. వాళ్లు స్క్రీన్ చూడరు. బండిల్ ఇచ్చినప్పుడు, తిరిగి తీసుకున్నప్పుడు చీటీ వాళ్ల చేతిలో కూడా ఒకటి ఉండాలి.

పీసు రేటు మీద పనిచేసేవాళ్లకు కూడా కనీస వేతన రక్షణ చట్టంలో ఉంది. సమయం సరిగ్గా నమోదైతే వర్కర్‌కు ఎంత పడిందో ఇద్దరికీ తెలుస్తుంది. అలా చూస్తే ఈ లెక్క యజమానికి ఎంత అవసరమో పనివాడికీ అంతే అవసరం.

సరిహద్దు దాటే సరుకు

బళ్లారి యజమాని డెనిమ్ పంపితే రాయదుర్గంలో కుట్టి తిరిగి పంపడం జీఎస్‌టీలో జాబ్ వర్క్ కిందికి వస్తుంది. ఒక రాష్ట్రంలోని యజమాని ఇంకో రాష్ట్రంలోని జాబ్ వర్కర్‌కు సరుకు పంపితే విలువ ఎంత తక్కువైనా ఈ-వే బిల్లు ఉండాలి. జీఎస్‌టీ చట్టం 143వ సెక్షన్ ప్రకారం ఇలా పంపిన ముడిసరుకు మామూలుగా ఏడాదిలోపు తిరిగి రావాలి. మిషన్ల లాంటి మూలధన వస్తువులకు ఆ గడువు 3 ఏళ్లు. గడువు దాటితే పంపిన రోజే ఆ సరుకును సరఫరా చేసినట్టు లెక్కగట్టి యజమాని మీద పన్ను పడుతుంది.

అందుకే వర్క్ ఆర్డర్ స్టార్ట్ చేసేటప్పుడే చలాన్ నంబరు, తాన్ల లాట్ నంబరు అందులో రాయాలి. ఏ చలాన్ గుడ్డ ఏ ఆర్డర్‌లో పోయిందో తర్వాత వెతకడం చాలా కష్టం. వాషింగ్ కోసం ప్యాంట్లు బయటికి పంపినప్పుడు కూడా ఆ దశను వేరే జాబ్ కార్డుగా స్టార్ట్ చేయాలి. నీటికి కటకట ఉండే ఈ ప్రాంతంలో వాషింగ్ వాళ్ల దగ్గర సరుకు రోజుల తరబడి ఆగడం మామూలే. ఎన్ని పీసులు ఎప్పటినుంచి అక్కడ ఉన్నాయో కనిపిస్తేనే అడగగలం.

తరచుగా జరిగే తప్పులు

సాయంత్రం కూర్చుని అన్నీ ఒకేసారి స్టార్ట్ చేసి, ఒకేసారి ఫినిష్ చేయడం. స్టాక్ సరిపోతుంది కానీ సమయం లెక్క అంతా అబద్ధం అవుతుంది.

ఆర్డర్లన్నీ స్టార్ట్ చేసిపెట్టడం. స్టోరు ఖాళీగా, విప్ నిండుగా కనిపిస్తుంది. ఏ ఆర్డర్ నిజంగా నడుస్తోందో తెలియదు. ఈ వారం చేయబోయేవాటినే స్టార్ట్ చేయాలి.

పాడైన పీసులను వదిలేయడం. 20 మొదలుపెట్టి 19 బాగా వస్తే 19 అనే వేయాలి, ఆ ఒక్కటీ పాడైనదిగా రాయాలి. 20 అని వేస్తే ప్యాకింగ్‌లో ఒక పీసు తక్కువ పడుతుంది.

తప్పు ఎంట్రీని చెరిపేయడం. రద్దు చేసి కొత్తది రాయాలి, కారణం పెట్టాలి. కంపెనీలుగా రిజిస్టర్ అయినవాళ్ల అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఏం మార్చారన్న జాడ తప్పనిసరిగా ఉండాలని 2023 ఏప్రిల్ 1 నుంచి నియమం అమల్లో ఉంది. చిన్న యూనిట్‌కు ఆ నియమం లేకపోయినా ఆ అలవాటు మేలే.

చిన్న యూనిట్ ఎక్కడ మొదలుపెట్టాలి?

అన్ని దశలనూ మొదటిరోజే కంప్యూటర్‌లోకి ఎక్కించాలనుకుంటే రెండు వారాల్లో విసిగి వదిలేస్తారు. మొదటి నెల మూడు దశలు చాలు: కటింగ్, కుట్టు, ప్యాకింగ్. ఒక్క డిజైన్ తీసుకోవాలి. నోటుపుస్తకం పక్కన పెట్టకుండా రెండూ నడపాలి. వారం చివర రెండు లెక్కలూ పోల్చి, తేడా ఎక్కడ వచ్చిందో వెతకాలి. తేడా రాని వారాలు రెండు వరుసగా గడిచాక నోటుపుస్తకం మానేయొచ్చు.

సాఫ్ట్‌వేర్ ఖర్చు గురించి భయపడేవాళ్లు ముంబైకి చెందిన ఫ్రాపే సంస్థ తయారుచేసిన ఈఆర్‌పీనెక్స్ట్‌ను చూడొచ్చు. అది ఓపెన్ సోర్స్, లైసెన్సు రుసుము లేదు. నడిపే సర్వర్‌కు, నేర్పే మనిషికి మాత్రం ఖర్చు ఉంటుంది. బెల్జియం సంస్థ చేసే ఓడూకు ఉచిత కమ్యూనిటీ ఎడిషన్, డబ్బు కట్టే ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ రెండూ ఉన్నాయి.

ఇంట్లో డిగ్రీ చదివే కొడుకో కూతురో ఉంటే ఈ పని వాళ్లకు అప్పగించొచ్చు. అయితే బామ్ రాసేటప్పుడు మాస్టర్ పక్కనే కూర్చోవాలి. ఏ సైజుకు ఎంత గుడ్డ పోతుందో, ఏ మిషన్ ఎప్పుడు మొరాయిస్తుందో అతని అనుభవంలోనే ఉంది. ఆ అనుభవం అంకెల్లోకి ఎక్కిన తర్వాతే స్టార్ట్ బటన్ నొక్కాలి.